బళ్ళారి సీమ ప్రాచీనావశేషములు - ప్రదర్శనశాలల బాధ్యత

బళ్ళారి పేరు వినగానే తెలుగువారి మనస్సునకు మొదట తట్టునది నాటకరంగము. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి సరసవినోదినీ సభయు, కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమ సభయు, బళ్ళారి రాఘవగారి అభినయమును ఆ పట్టణమునకు ఆంధ్రదేశమున చెరగని కీర్తిని సంపాదించి పెట్టినవి. కాని ఆ కీర్తికి వయస్సు నూటయేబది సంవత్సరములకు మించదు. ఆ పట్టణమునకు కొన్ని మైళ్ళ దూరముననే, గుండ్లు పేర్చినట్లున్న కొండల పాదముల యందును, మీది చదునుల యందును, నాలుగైదువేల యేండ్ల క్రిందటి పశుపాలకుల మందల గుర్తులు నేటికిని నేలలో నిలిచియున్నవి. ఆ గుర్తులను చదివిన వారెవరు, అచట దొరికిన వస్తువులు ఎక్కడెక్కడికి చేరినవి, మిగిలినవానిని కాపాడుటకు ఏమి జరుగవలసియున్నది అను మూడు విషయములను పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

సరిహద్దులు మారిన నేల

బళ్ళారి మండలము చరిత్రలో పలుమార్లు విభజింపబడిన నేల. 1800లో నిజాము కుంఫిణీవారికి అప్పగించిన దత్తమండలములలో ఇది యొక భాగము. సర్ థామస్ మన్రో ఆ సీమకంతకు ప్రధాన కలెక్టరుగా 1807 వరకు పాలన నెరపెను. 1808లో దత్తమండలములు బళ్ళారి, కడప జిల్లాలుగా ఏర్పడినవి. 1882లో బళ్ళారినుండి అనంతపురము వేరైనది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరినవి. తక్కిన తాలూకాలు మైసూరునకు పోయినవి. బళ్ళారి తాలూకాను గూర్చి న్యాయమూర్తి మిశ్రా ప్రత్యేకముగా విచారణ జరుపవలసి వచ్చెను. ఆ తాలూకాలో హెచ్చుభాగము మైసూరునకే దక్కినది. 1955లో రాష్ట్ర పునర్విభజన సంఘము బళ్ళారిని ఆంధ్రమున చేర్పవలెనని సూచించినను ఆ సూచన అమలునకు రాలేదు. మరల 2021లో హొసపేట, హంపి, హడగలి మున్నగు పడమటి ప్రాంతములు విజయనగర జిల్లాగా వేరుపడినవి.

ఈ విభజనలన్నియు పాలనకు సంబంధించినవి. ఆనాటి వాదోపవాదములు ఇరుపక్షముల వారికిని మనస్తాపము కలిగించినవనుట సత్యమే. బళ్ళారిలో కన్నడమును తెలుగును ఒకే వీధిలో, పెక్కిండ్లలో ఒకే పంచలో వినబడుచుండును. అట్టి సీమను రెండుగా చీల్చు గీత ఎచట గీచినను ఎవరికో ఒకరికి బాధ తప్పదు. అయితే నేలపై గీచిన గీత నేలక్రింది చరిత్రను చీల్చజాలదు. మండలముల పేరులు మారవచ్చును, రాష్ట్రములు మారవచ్చును. ఒక రాతిగొడ్డలి దొరికిన చోటు మాత్రము మారదు. ఆ చోటును మరువకుండ భద్రపరచుటయే ప్రదర్శనశాలకు మొదటి ధర్మము. ఈ సూత్రమును బళ్ళారి చరిత్రము చూపినంత స్పష్టముగా మరియొక మండలము చూపుట అరుదు.

బూడిద దిబ్బలు

బళ్ళారి సీమలోను, దానికి ఉత్తరముననున్న రాయచూరు ప్రాంతములోను బూడిదవన్నె దిబ్బలు పెక్కు కలవు. కొన్నిచోట్ల అవి మెత్తని బూడిదగాను, కొన్నిచోట్ల మిక్కిలి వేడికి కరగి గడ్డకట్టిన చిట్టెమువలెను కనబడును. కప్పగల్లు, కుడతిని, బూదికనుమ మున్నగు తావులలోని దిబ్బలు ప్రసిద్ధములు. బూదికనుమ యను పేరే గమనింపదగినది. బూది యనగా కన్నడమునందును తెలుగునందును బూడిదయే. కనుమ యన్న మాటను తెలుగువాడు తనదనుకొనును. కన్నడమునందు దానికి చుట్టమైన పదము కలదు. ఆ పేరు పెట్టినవాడు ఏ భాష మాట్లాడెనో ఆ పేరునుబట్టి తేల్చుట సులభము కాదు.

ఇంతటి బూడిద ఎచటినుండి వచ్చెనని జనులు ఆశ్చర్యపడి పురాణకథలను అల్లిరి. భీమసేనుడు హిడింబాసురుని చంపి దహించిన చోటని కొందరు చెప్పుకొనిరి. హంపికి సమీపమున నింబాపురమువద్ద గల దిబ్బను వాలిని దహించిన చోటుగా నేటికిని చెప్పుదురు. మద్రాసు సైన్యమునందలి అధికారియైన న్యూబోల్డు 1836లో కప్పగల్లు దిబ్బను త్రవ్వించి చూచెను. తాను చూచినదానిని, జనులు చెప్పిన కథలను కలిపి 1843లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించెను. బళ్ళారి బూడిద దిబ్బలు విద్వల్లోకమునకు తెలియవచ్చినది ఆ వ్యాసము వలననే.

రాబర్ట్ బ్రూస్ ఫూట్

ఈ సీమ ప్రాచీనతను శాస్త్రమార్గమున మొదట చదివిన ఘనత రాబర్ట్ బ్రూస్ ఫూట్ దొరకు చెందును. ఆయన 1834లో ఇంగ్లండునందు జన్మించి, 1858లో భారత భూగర్భ పరిశోధన శాఖలో చేరెను. 1863 మే 30వ తేదీన మద్రాసు సమీపముననున్న పల్లావరమునందు ఆయనకు ఒక పాతరాతియుగపు చేగొడ్డలి దొరకెను. భారతదేశమున మానవుని పురాతనత్వమునకు సంబంధించిన పరిశోధన ఆనాటితో ఆరంభమైనదని పండితులు చెప్పుదురు.

1872లో ఆయన బళ్ళారి సమీపమున కప్పగల్లు కొండను పరిశీలించి, అచట రాతిగొడ్డళ్ళు తయారుచేసిన పనిశాల యొకటి యుండెనని గుర్తించెను. పూర్తికాని గొడ్డళ్ళు, విరిగి పారవేసినవి, చెక్కునపుడు రాలిన పెచ్చులు అచట రాశులుగా పడియుండెను. బూడిద దిబ్బలు పశువుల పేడ కాలుటవలన ఏర్పడినవని ఆయన అభిప్రాయపడెను. బళ్ళారి జిల్లా భూగర్భ స్వరూపమును గూర్చి ఆయన రచించిన బృహద్గ్రంథము 1895లో వెలువడినది. రాళ్ళను పరీక్షించుటకు జీతము పుచ్చుకొనిన ఉద్యోగి, ఆ రాళ్ళలో మనుష్యుని చేతిపనిని కనిపెట్టి, దొరికిన ప్రతి వస్తువునకు దొరికిన తావును వ్రాసిపెట్టుకొనెను. ఆయన ఘనతకు మూలము ఆ అలవాటే.

దిబ్బల రహస్యము

ఫూట్ దొర అభిప్రాయమును అందరును వెంటనే అంగీకరింపలేదు. విజయనగర చరిత్రకారుడుగా తెలుగువారు ఎరిగిన రాబర్ట్ స్యూయల్ 1899లో ఈ దిబ్బలను గూర్చి వ్రాయుచు, వీనికి అంత ప్రాచీనత లేదనియు, విజయనగర కాలమునాటి సహగమనములకు వీనితో సంబంధముండవచ్చుననియు ఊహించెను. మరికొందరు ఇవి ఇనుము కరగించిన కొలుముల చిట్టెమని తలచిరి. వాదము అరువది సంవత్సరములు సాగెను.

ఆ వాదమునకు ముగింపు పలికిన త్రవ్వకము బళ్ళారిలో గాక తెలంగాణమున జరిగినది. 1957లో ఆల్చిన్ పండితుడు నాటి మహబూబునగరము జిల్లాలోని ఉట్నూరునందు ఒక బూడిద దిబ్బను త్రవ్వెను. ఆదిలాబాదు సీమలోని ఉట్నూరు వేరు, ఇది వేరు. ఈ దిబ్బ పొరలలో పశువుల గిట్టల ముద్రలును, దొడ్డిచుట్టును పాతిన గుంజల గుంటలును స్పష్టముగా కానవచ్చినవి. నవీన శిలాయుగపు జనులు తమ మందలను కంచెలలో కట్టివేయుచుండిరనియు, అచట పేరుకొనిన పేడ పలుమార్లు తగులబెట్టబడినదనియు తేలెను. ఆయన గ్రంథము 1963లో ప్రకటితమైనది. 1960లో జోయ్‌నర్ పండితుడు బళ్ళారి దిబ్బల బూడిదను ప్రయోగశాలలో పరీక్షించి, అది పశువుల పేడనుండి పుట్టినదేయని నిర్ణయించెను. తరువాత బూదిహాళునందు కాట్రగడ్డ పద్దయ్యగారు సంవత్సరముల తరబడి త్రవ్వి, ఈ దిబ్బలు కేవలము పశువుల దొడ్లు కావనియు, వాని ప్రక్కనే జనుల నివాసములుండెననియు చూపిరి. బళ్ళారి ప్రశ్నకు ఉట్నూరులో ఉత్తరము దొరకుట, కృష్ణా తుంగభద్రల నడిమి సీమయు, దాని ఇరుప్రక్కల నేలయు ఒక్కటే నాగరకతకు పుట్టిల్లని చెప్పుచున్నది.

సంగనకల్లు జనజీవనము

కప్పగల్లు ప్రక్కనే సంగనకల్లు గ్రామమును, దానినంటియున్న కొండలును కలవు. 1946లో బెండపూడి సుబ్బారావుగారు ఇచట త్రవ్వి, బళ్ళారి రాతియుగపు సంస్కృతులను గూర్చిన తమ గ్రంథమును 1948లో పూనాలోని దక్కను కళాశాల పక్షమున ప్రకటించిరి. ఏ పొరపై ఏ పొర వచ్చినదో త్రవ్వి చూపి, ఈ సీమకు వరుసయైన కాలక్రమమును సమకూర్చిన గౌరవము ఆయనది. 1963-64లో నాగరాజరావు, మల్హోత్రా గారలు సిరుగుప్ప తాలూకాలోని తెక్కలకోటను త్రవ్విరి. అచట గుండ్రని గుడిసెల అడుగులును, రాతి పనిముట్లును, బంగారు ఆభరణములును వెలికి వచ్చినవి. 1964-65లో అన్సారీ, నాగరాజరావు గారలు సంగనకల్లును మరల త్రవ్విరి. ఇరువదవ శతాబ్దము చివరినుండి రవి కోరిసెట్టరు, డోరియన్ ఫుల్లరు, నికోల్ బోయివిన్ మున్నగువారు ఈ ప్రాంతమును కొత్త సాధనములతో పరిశోధించిరి.

ఈ పరిశోధనల ఫలితముగా ఆనాటి జనుల ఆహారము మనకు తెలిసినది. మట్టిని నీట కలిపి, తేలిన బొగ్గుపట్టిన గింజలను సూక్ష్మదర్శినితో పరీక్షించినపుడు ఉలవలు, పెసలు, అండుకొర్రలు కనబడినవి. రాయలసీమలో ఉలవచారు కాచుకొను గృహిణికిని, నాలుగువేల యేండ్ల క్రిందట సంగనకల్లు కొండపై వంట చేసిన ఇల్లాలికిని గింజ ఒక్కటే. రాజుల వంశావళులలో ఎచటను కానరాని ఈ సంగతిని చెప్పినవి కాలిన గింజలు. వానిని చేతిసంచిలో వేసికొని పోయిన వానికి అవి మసిబొగ్గులు మాత్రమే.

హిరేగుడ్డ యను కొండపై నల్లరాతి చాలు ఒకటి కలదు. ఆ రాతిని పగులగొట్టి, చెక్కి, నూరి గొడ్డళ్ళు చేసిరి. నూరిన గుంటలు బండలపై నేటికిని నున్నగా నిలిచియున్నవి. కప్పగల్లు కొండపై అదే నల్లరాతి గుండ్లమీద మూపురముగల ఎద్దుల బొమ్మలును, మనుష్యుల బొమ్మలును పొడిచి చెక్కబడినవి. అందు కొన్ని గుండ్లను మరియొక రాతితో కొట్టినచో గంటవలె మ్రోగును. వానిపై కొట్టి కొట్టి పడిన గుంటలను బట్టి, ఆ కాలపు జనులు వానిని బుద్ధిపూర్వకముగా మ్రోగించిరని పరిశోధకులు నిర్ణయించిరి. ఇట్టి గుండును పెరికి నగరమునకు తెచ్చి అద్దాల పెట్టెలో నుంచిన యెడల అది రాయిగా మిగులును గాని, ఆ కొండగాలిలో పలికిన నాదము పోవును.

శాసనముల సాక్ష్యము

చరిత్రకాలమునకు వచ్చినను ఈ సీమ ఏకత్వమే కనబడుచున్నది. అశోకుని ధర్మలిపులు బళ్ళారి జిల్లాలో నిట్టూరు, ఉడేగోళము గ్రామములందును, రాయచూరు సీమలో మస్కియందును, కర్నూలు సీమలో ఎఱ్ఱగుడియందును కలవు. దేవానాంప్రియుడు అశోకుడేయని ఆ చక్రవర్తి పేరును స్పష్టముగా చెప్పిన శాసనములు దేశమంతటను మిక్కిలి కొద్ది. అందు మస్కి, నిట్టూరు, ఉడేగోళము శాసనములు చేరియున్నవి. మస్కి శాసనమును 1915లో కనుగొనినవాడు బంగారు గనులను వెదకు ఇంజనీరు బీడన్. ఎఱ్ఱగుడి శాసనమును 1928-29 ప్రాంతమున వెలుగులోనికి తెచ్చినవాడు అనూ ఘోష్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు. ఫూట్ దొరతో కలిపి చూచినచో, ఈ సీమ చరిత్రలో గొప్ప కానుకలను మనకిచ్చినవారు రాళ్ళను వెదకుటయే వృత్తిగా గలవారని తెలియును.

ఇంతకంటె ముఖ్యమైన నిదర్శనము మరియొకటి కలదు. ఆదోని ప్రాంతమునందలి మ్యాకదోని శాసనము శాతవాహన ప్రభువైన పులుమావి కాలమునాటిది. అందు సాతవాహనిహారమను జనపదము పేర్కొనబడినది. ఒక గృహపతి చెరువు త్రవ్వించిన సంగతి చెప్పబడినది. పల్లవ శివస్కందవర్మ వేయించిన హిరేహడగలి తామ్రశాసనమునందు సాతాహని రట్ఠమను పేరు కలదు. ఈ రెండును ఒకే సీమకు చెందిన పేరులని పండితుల అభిప్రాయము. రెండును ప్రాకృత భాషలో నున్నవి. నేడు మ్యాకదోని ఆంధ్రప్రదేశమున నున్నది. హిరేహడగలి కర్ణాటకమున విజయనగర జిల్లాలో నున్నది. ఒక్క జనపదమును గూర్చిన రెండు సాక్ష్యములు రెండు రాష్ట్రముల పాలయినవి. ఒకదానిని విడిచి రెండవదానిని చదివినవానికి ఆ జనపదము సగమే తెలియును.

వస్తువులు చేరిన చోట్లు

ఇంతటి సంపద యెచటనున్నది? ఫూట్ దొర నలువది సంవత్సరములు కూడబెట్టిన సంచయమును 1904లో మద్రాసు ప్రభుత్వము కొని, 1851లో ఏర్పడిన మద్రాసు ప్రదర్శనశాలయందు ఉంచెను. దాని వివరణ పట్టికయు, కాలనిర్ణయ విమర్శనమును 1914, 1916 సంవత్సరములలో వెలువడినవి. ఫూట్ దొర 1912లోనే దివంగతుడగుటచే రెంటిని అచ్చున చూడలేదు. దక్కను కళాశాల పక్షమున జరిగిన త్రవ్వకముల వస్తువులు పూనా చేరినవి. రాయచూరు సీమలోని పిక్లిహాళు త్రవ్వకముల నివేదిక 1960లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వ ప్రచురణగా వెలువడినది. త్రవ్వకము జరిగిన నాటికి రాయచూరు హైదరాబాదు రాజ్యమున ఉండుటయే దానికి కారణము. ఈ విధముగా ఒక సీమ గాథ మూడు నాలుగు పట్టణములందు ముక్కలుముక్కలుగా నిలిచినది.

తెలుగువారికి ఇట్టి దుఃఖము క్రొత్తది కాదు. అమరావతి స్తూపపు చలువరాళ్ళను 1845లో ఎలియట్ దొర మద్రాసు చేర్చెను. అందు పెక్కింటిని 1859లో లండనునకు పంపిరి. నేడు అమరావతిని సంపూర్ణముగా చూడదలచినవాడు లండనునకును, చెన్నపట్టణమునకును, అమరావతికిని పోవలసియున్నది. అయినను న్యాయము తప్పరాదు. మద్రాసు ప్రదర్శనశాల ఆనాడు ఫూట్ సంచయమును కొనకుండినచో ఆ గొడ్డళ్ళు ఏ యింటి అటుకమీదనో చెదరిపోయెడివి. వస్తువు తన తావునుండి దూరమగుట ఒక నష్టము. వస్తువును దాని తావు పేరును రెంటిని పోగొట్టుకొనుట సర్వనాశనము. ఫూట్ దొర తావుల పేరులను వ్రాసియుంచుటచేతనే మొదటి నష్టము రెండవదానిగా మారలేదు.

ఇచట ప్రదర్శనశాల పని యెట్టిదో కొంచెము వివరించుట అవసరము. చూడవచ్చినవారికి కనబడునది అద్దాల పెట్టె మాత్రమే. దానికి వెనుక ఒక పెద్ద చిట్టా ఉండును. ప్రతి వస్తువుపైనను ఒక సంఖ్య వ్రాయబడును. ఆ సంఖ్యకు ఎదురుగా చిట్టాలో ఊరి పేరు, పొలము, త్రవ్విన గుంట, పొర, లోతు, తేదీ ఉండును. సంఖ్య చెరిగిపోయిన రాతిగొడ్డలి ఏటి ఒడ్డున దొరకు నున్నని రాయితో సమానమైపోవును. రాజుల కిరీటములు పోయినను వాని వెల తెలియును. సంఖ్య పోయిన రాతికి మాత్రము వెల లేదు, మాట లేదు.

జాతీయ ప్రదర్శనశాలయు, స్థానిక ప్రదర్శనశాలయు

మన దేశమున ప్రదర్శనశాలలు మూడు విధములుగా పెరిగినవి. 1814లో కలకత్తాలో వెలసిన ఇండియను మ్యూజియమును, 1949లో ఢిల్లీలో ఆరంభమైన జాతీయ ప్రదర్శనశాలయు దేశమంతటి సంపదను ఒకచోట చూపునవి. మద్రాసు, హైదరాబాదు ప్రదర్శనశాలలు ఒక్కొక్క రాజ్యమునకు చెందినవి. మూడవ విధము త్రవ్విన చోటనే కట్టినది. 1910లో సారనాథునందు పూర్తియైనది ఈ పద్ధతికి తొలి ఉదాహరణములలో ఒకటి. జాతీయ ప్రదర్శనశాలలో సంగనకల్లు గొడ్డలి హరప్పా ముద్రికల ప్రక్కన నిలిచి దేశచరిత్రలో తన స్థానమును చెప్పును. స్థానిక ప్రదర్శనశాలలో అదే గొడ్డలి కిటికీగుండ కనబడు కొండను చూపి తన పుట్టుకను చెప్పును. మొదటిది లేనిచో సీమాభిమానము సంకుచితమగును. రెండవది లేనిచో జాతీయ చరిత్ర గాలిలో మేడ యగును.

హంపి సమీపమున కమలాపురమునందు కేంద్ర పురావస్తు శాఖవారి ప్రదర్శనశాల ఈ మూడవ విధమునకు చేరినది. హంపి శిథిలములలో చెదరియున్న శిల్పములను ఆంగ్లేయ అధికారులు మొదట గజశాలయందు చేర్చిరి. 1972లో అవి కమలాపురమునందలి భవనమునకు మార్పబడినవి. అచట శైవ, వైష్ణవ శిల్పములును, ఆయుధములును, నాణెములును, వీరగల్లులును, సతీశిలలును కలవు. తిరుమలయందలి శ్రీకృష్ణదేవరాయల దంపతుల విగ్రహములకు ప్రతిరూపములు సందర్శకులకు స్వాగతమిచ్చును. హంపి లోయయంతయు చిన్న నమూనాగా నడిమి ముంగిట నిర్మింపబడినది. బయట కొండల నడుమ దారితప్పిన వానికి ఆ నమూనా పటమువలె ఉపకరించును. విజయనగర శాసనములు కన్నడ, తెలుగు, సంస్కృత, తమిళ భాషలలో నున్నవి. ఆ రాజ్యము ఏ ఒక్క భాషదో యని వాదించువారికి ఆ రాళ్ళే సమాధానము చెప్పుచున్నవి.

బళ్ళారి పట్టణమునకు మాత్రము తన రాతియుగపు గాథను చెప్పు ప్రదర్శనశాల చాలకాలము లేకపోయెను. ఈ శతాబ్దమున ఆ కొరత తీరినది. సంగనకల్లు పరిశోధనలతో దీర్ఘసంబంధము గల రవి కోరిసెట్టరుగారి పూనికతో అచట ఒక ప్రాచీన వస్తు ప్రదర్శనశాల వెలసినది. రాబర్ట్ బ్రూస్ ఫూట్ పేరును, సంగనకల్లు పేరును రెంటిని అది ధరించియున్నది. వస్తువును కనుగొనిన మనిషి పేరును, వస్తువునకు జన్మనిచ్చిన ఊరి పేరును జతపరచుట మిక్కిలి ఉచితమైన పని. మానవ పరిణామ క్రమమును, రాతి పనిముట్ల చరిత్రను అచట పాఠశాల విద్యార్థి సైతము చూచి తెలిసికొనవచ్చును.

కొండలకు వచ్చిన ఆపద

ప్రదర్శనశాల వెలసినంతమాత్రమున కర్తవ్యము ముగియలేదు. వస్తువులను భవనములో దాచవచ్చును గాని కొండలను దాచలేము. గుండ్లరాతికి వెల పెరిగిననాటినుండి సంగనకల్లు, కప్పగల్లు కొండలకు క్వారీల బెడద దాపురించినది. రాతిని పగులగొట్టు మందు పేలినపుడు నాలుగువేల యేండ్లనాటి ఎద్దుబొమ్మయు, నూరుడు గుంటయు కంకరలో కలిసిపోవును. బూడిద దిబ్బలను పొలములకు ఎరువుగా తోలుకొనిపోవుటయు, బాటలు వేయుటకు కోయుటయు జరిగినది. ఈ పని చేసిన రైతునుగాని కూలివానినిగాని నిందించుట సులభము. ఆ దిబ్బ యేమిటో వానికి వాని భాషలో ఎవరును చెప్పలేదను సంగతిని మరువరాదు.

నాగార్జునకొండకు వచ్చిన ఆపద వేరు. కృష్ణపై జలాశయము కట్టుట అనివార్యమైనది. అందుచే 1954 మొదలు 1960 వరకు లోయనంతటిని త్రవ్వి, ముఖ్య కట్టడములను కొండపైకి తరలించి, 1966లో ద్వీపమునందు ప్రదర్శనశాలను ఆరంభించిరి. దేశమునకు అన్నము పెట్టు నీటికొఱకు ఆ లోయ బలియైనది. బళ్ళారి కొండలను ముంచు జలాశయమేదియు లేదు. వానిని తరలింపవలసిన పని లేదు. ఉన్నచోట ఉండనిచ్చుటయే చాలును.

శాసనములకు కొరత లేదు. 1878 నాటి నిధుల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన వెలగల నిధి దొరికినవాడు కలెక్టరునకు తెలుపవలెను. 1958 నాటి చట్టము జాతీయ ప్రాముఖ్యము గల కట్టడములను, స్థలములను కాపాడును. 1972 నాటి చట్టము ప్రాచీన వస్తువుల ఎగుమతిని అరికట్టును. 2010లో రక్షిత స్థలముల చుట్టును నూరు మీటర్లలో కట్టడములు నిషేధింపబడినవి. అయితే ఈ రక్షణ ప్రకటింపబడిన స్థలములకే వర్తించును. పట్టికకు ఎక్కని కొండకు చట్టము లేదు. పట్టికకు ఎక్కుటకు మొదట అది తెలిసియుండవలెను. తెలిసియుండుటకు ఆ యూరివారే మొదటి కావలివారు.

జరుగవలసిన కార్యములు

1953లో తుంగభద్ర ఆనకట్ట నీరు పారిన సంవత్సరముననే బళ్ళారి రెండుగా చీలినది. నీటిని చీల్చుట సాధ్యము కానందున అదే సంవత్సరమున తుంగభద్ర మండలి ఏర్పడినది. ఎవరికెంత నీరు రావలెనో అది నేటికిని లెక్క కట్టి పంచుచున్నది. పంట కాలువలకు సాధ్యమైనది పురావస్తు పట్టికలకు అసాధ్యము కాదు. ఆంధ్రప్రదేశ, కర్ణాటక, తెలంగాణ రాష్ట్రముల పురావస్తు శాఖలును, చెన్నపట్టణ ప్రదర్శనశాలయు, దక్కను కళాశాలయు కూడి, తుంగభద్రా ప్రాంతపు ప్రాచీన వస్తువులకు ఒకే పట్టికను సిద్ధపరచిన యెడల చెదరిన గాథ కాగితముమీదనైనను ఏకమగును. వస్తువులను కదలింపనక్కరలేదు; వాని సంఖ్యలను ఒకచోట చేర్చిన చాలును.

రెండవది భాష. ఈ సీమలోని ప్రదర్శనశాలలయందు ప్రతి వస్తువుప్రక్కను కన్నడముతోపాటు తెలుగులోను పరిచయ వాక్యములుండుట అవసరము. అట్లే ఆదోని, రాయదుర్గము ప్రాంతముల స్థలములయందు తెలుగుతోపాటు కన్నడము ఉండుట న్యాయము. ఇది భాషాభిమానమునకు సంబంధించిన కోరిక కాదు, కాపలాకు సంబంధించినది. తాను చదువగలిగిన దానినే మనుష్యుడు కాపాడును.

మూడవది గ్రామస్థుల పాత్ర. దక్షిణదేశమున పెక్కుచోట్ల రాతిగొడ్డళ్ళను పిడుగురాళ్ళని తలచి భద్రపరచుకొనుటయు, చెట్లక్రింద దేవతలకడ నుంచి పూజించుటయు కలదు. ఆ భక్తిని పరిహసింపరాదు. వేలకొలది సంవత్సరములు ఆ వస్తువులను పారవేయకుండ నిలిపినది ఆ భక్తియే. దానికి తోడు ఒక చిన్న అలవాటు నేర్చుకొనిన చాలును. నాగటిచాలులో నున్నని గొడ్డలి దొరికినచో, ఏ పొలమున, ఏ మూల, ఎంత లోతున దొరికెనో ఒక కాగితముపై వ్రాసి, ఉపాధ్యాయునకో తహసీలుదారునకో తెలుపవలెను. ఫూట్ దొర చేసిన పనిలో ముఖ్యభాగము ఇదియే. దీనికి పాండిత్యము అక్కరలేదు.

భీముని కథయు పోగూడదు. బూడిద దిబ్బపై నిలిచిన పిల్లవానికి, ఇది హిడింబుని కాల్చిన చోటని తాత చెప్పిన కథయు, ఇది ఆదిమ పశుపాలకుల దొడ్డియని శాస్త్రము చెప్పిన మాటయు రెండును వినబడవలెను. మొదటిది ఆ దిబ్బను ఇన్నినాళ్ళు జనుల జ్ఞాపకమున నిలిపినది. రెండవది దాని నిజమును తెలిపినది. ఆ దిబ్బయే లేకపోయిననాడు కథకు నిలువ చోటుండదు, శాస్త్రమునకు సాక్ష్యముండదు. అది కర్ణాటకమున నున్నదా ఆంధ్రమున నున్నదా యను ప్రశ్న అడుగుటకు సైతము, మొదట అది ఉండవలెను గదా.